ఫ్రిజ్ మీద చీటీలు

ఇళ్ళకి లైట్లు బిగించే షాపులో, టీ తాగే చోట ఒక పాత ఫ్రిజ్ ఉంది. దాని తలుపు మీద పదకొండు చీటీలు ఉన్నాయి, అన్నీ కస్టమర్లు రాసినవే. పదకొండులో తొమ్మిది టామ్సిన్‌ని మెచ్చుకుంటూ రాసినవి. మిగిలిన రెండూ కోలిన్‌వి, ఆ రెండింట్లో ఒకటి అసలు మెచ్చుకుంటూ రాసింది కాదు, మా ఇంట్లో మీ కొలత టేపు మర్చిపోయారు, వచ్చి తీసుకెళ్ళండి అని రాసింది. అయినా కోలిన్ దాన్ని కూడా అయస్కాంతం కింద అలాగే ఉంచాడు. తీసేస్తే ఒక్కటే మిగులుతుంది కదా.

కోలిన్ పైబస్ ఈ షాపులో చేరి పంతొమ్మిదేళ్ళయింది. హోబార్ట్ ఊళ్ళో నది ఇవతలా అవతలా ఎన్ని ఇళ్ళలో లైట్లు బిగించాడో లెక్క లేదు. టామ్సిన్ డిరీన్ చేరి ఏడాదిన్నర, వయసు ఇరవై ఆరు, మొదటి ఆర్నెల్లూ కోలిన్ వెనకాలే నిచ్చెన మోస్తూ తిరిగింది. ఇప్పుడేమో ఆ అమ్మాయి ఏ ఇంటికి వెళ్ళొచ్చినా ఆ ఇంటినుంచి మళ్ళీ ఫోన్ రాదు, చీటీ వస్తుంది. కోలిన్ వెళ్ళొచ్చిన ఇళ్ళనుంచి ఫోనే వస్తుంది. ఇది ఎందుకో కోలిన్‌కి అంతు పట్టడం లేదు. అంతు పట్టకపోవడం ఒక మంట, రోజూ టీ వేళకి ఆ ఫ్రిజ్ తెరిచి పాలు తీసుకోవాల్సి రావడం ఇంకో మంట.

మంగళవారం పొద్దున పదింటికి ఓనరు హెన్క్ టీ కప్పు పట్టుకుని వచ్చి ముందు పన్నెండో చీటీ చదివాడు. బెల్లెరీవ్‌లో ఎవరో దంపతులు, టామ్సిన్ వచ్చి వెళ్ళాక మా పసిపాప హాయిగా నిద్రపోతోంది అని రాశారు. టామ్సిన్ బిస్కట్ టీలో ముంచుకుంటూ, పాప నిద్రపోయింది నావల్ల కాదు, వాళ్ళ నాన్న పాట ఆపేసుంటాడు అంది. అందరూ నవ్వారు. కోలిన్ కూడా నవ్వాడు, ఒక క్షణం ఆలస్యంగా.

ఆ తర్వాత హెన్క్ ఫోన్ తీసి కోలిన్ వైపు చూశాడు. నది అవతల హౌరా పేటలో మిసెస్ ఓక్‌ఫోర్డ్ ఇంటినుంచి మూడో కంప్లైంటు. మిట్టమధ్యాహ్నం కిటికీలోంచి ఎండ ధారాళంగా పడుతున్నా వంటింట్లో లైట్లన్నీ భగ్గుమని వెలుగుతున్నాయట. యాప్‌లో చూస్తే గదిలో చీకటిగా ఉందని చూపిస్తోందట. ఆవిడకి ఈమధ్యే కంటి ఆపరేషనయింది, వెలుగు పడదు, తన వంటింట్లో తను కూర్చోలేకపోతోంది.

ఆ ఇంట్లో వైర్లు లాగిందీ, పైకప్పుకి వెలుగు కొలిచే సెన్సర్ బిగించిందీ, ఎంత వెలుగుకి ఎంత అంకె చూపాలో దానికి లెక్క కట్టిందీ కోలిన్. ఏ వేళకి ఏ లైటు ఎంత వెలగాలన్నది షాపులో కూర్చుని కంప్యూటర్లో రాసింది టామ్సిన్.

"తప్పు ప్రోగ్రాంలో ఉంది," అన్నాడు కోలిన్. వెంటనే అనేశాడు, ఆలోచించకుండానే.

టామ్సిన్ తలెత్తింది. తనూ వస్తాను, ఇద్దరం కలిసి ఓసారి చూద్దాం అంది. కోలిన్ అక్కర్లేదన్నాడు. హెన్క్ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, సరే కోల్, నువ్వే వెళ్ళు, శుక్రవారం లోపల ఇది తేలిపోవాలి అన్నాడు. శుక్రవారం అంటే ఏంటో అందరికీ తెలుసు. కింగ్‌స్టన్‌లో పెద్దవాళ్ళ కోసం కొత్తగా కట్టిన నలభై ఇళ్ళ పని వచ్చింది, దానికి ఇన్‌ఛార్జి ఎవరో హెన్క్ ఆ రోజు చెప్తాడు. ఉన్నది ఇద్దరే. టామ్సిన్ మీద ఇప్పటికే ఒక వార్నింగు ఉంది, రెండోది పడితే షాపు రూలు ప్రకారం ఇన్‌ఛార్జి పని ఇవ్వరు.

ఆ మొదటి వార్నింగు ఇప్పించింది కోలినే. మూడు వారాల కిందట ఒక ఇంట్లో టామ్సిన్ తన పసుప్పచ్చ రేడియం పట్టీల జాకెట్ విప్పేసి పనిచేయడం చూశాడు. పనిమీద ఉన్నంతసేపూ జాకెట్ ఒంటిమీద ఉండాలన్నది హెన్క్ పెట్టిన రూలు. ఎందుకు తీశావంటే, సెన్సర్‌కి అడ్డం, లెక్క పాడైపోతుంది అని ఏదో చెప్పింది. కోలిన్ పెద్దగా నవ్వి, బట్టలకి భయపడే సెన్సర్‌ని నేనింతవరకూ చూళ్ళేదన్నాడు, వచ్చి హెన్క్‌కి చెప్పాడు. అప్పట్నుంచీ టామ్సిన్ అతన్ని రూల్‌బుక్ అని పిలుస్తోంది. మొహం మీదే పిలుస్తుంది, నవ్వుతూనే పిలుస్తుంది, అందుకే అది ఇంకా గుచ్చుకుంటుంది.

వ్యాన్ వంతెన ఎక్కేసరికి నది మీద పొగమంచు ఇంకా పూర్తిగా విడలేదు. హౌరాలో మాత్రం ఎండ కాస్తోంది, ఇక్కడ చలికాలంలో వచ్చే జులై ఎండ, వేడి తక్కువ, వంగి నేరుగా కళ్ళలోకి కొట్టే రకం. మిసెస్ ఐరిస్ ఓక్‌ఫోర్డ్ తలుపు తీసింది. ఇంట్లోనే నల్ల కళ్ళద్దాలు, తలమీద వెడల్పు అంచుల గడ్డి టోపీ. డెబ్బై ఆరేళ్ళ మనిషి. ఒకప్పుడు ఊళ్ళో పియానోలన్నీ శ్రుతి చేసింది ఆవిడేనట.

"నా వాలకం చూసి భయపడకు నాయనా," అంది, "బ్యాంకు దోచడానికి వెళ్ళడం లేదు, టీ పెట్టుకుందామని."

వంటింట్లో తొమ్మిది లైట్లూ నూరు శాతం వెలుగుతున్నాయి. కోలిన్ లైట్ మీటర్ తీసి బల్లమీద పెట్టాడు. ఐదు వందల లక్స్. వంటింటికి బ్రహ్మాండమైన వెలుగు, లైట్లు సగానికి సగం తగ్గాలి. ఫోన్‌లో యాప్ తెరిస్తే నూట తొంభై అని చూపిస్తోంది. నూట తొంభై అంటే యాప్ లెక్కలో మబ్బు పట్టిన సాయంత్రం, అందుకే ఉన్న లైట్లన్నీ వెలిగించి కూర్చుంది.

కోలిన్ తన పద్ధతిలో తను మొదలుపెట్టాడు. నిచ్చెన వేశాడు, రెండు మెట్లెక్కాడు, పైకప్పుకి ఉన్న సెన్సర్ కన్ను మెత్తటి గుడ్డతో తుడిచాడు. గదికి ఆ మూల నిలబడి ఫోన్‌లో నొక్కేస్తే సరిపోతుంది, కుర్రవాళ్ళందరూ అలాగే చేస్తారు. కోలిన్‌కి అది నచ్చదు. పరికరం కళ్ళముందు ఉండాలి, దాని చుక్క దీపం ఆకుపచ్చగా మారడం చూడాలి, అప్పుడే నమ్మకం. సెన్సర్‌కి మూరెడు దూరంలో ఛాతీ పెట్టుకుని నిలబడి, ఫోన్‌లో ఐదు వందలు అని కొట్టి, సరే అన్న బటన్ నొక్కాడు. చుక్క ఆకుపచ్చగా మారింది. యాప్ ఐదు వందలు చూపించింది. లైట్లు మెల్లగా తగ్గాయి. నిచ్చెన మీదే ఇంకో రెండు నిమిషాలు నిలబడి చూశాడు. ఐదు వందలే. అంకె కదల్లేదు.

అయిపోయిందండీ అన్నాడు. ఆవిడ చాలా సంతోషించి, సముద్రపు గుల్లల కూర పెట్టి కాల్చిన 'స్కాలప్ పై' ఒకటి వేడిచేసి పెట్టింది, అతను దాన్ని వ్యాన్‌లో కూర్చుని తిన్నాడు. వంతెన దాటకముందే ఫోన్ మోగింది. మళ్ళీ మొదలయ్యాయి నాయనా అంది మిసెస్ ఓక్‌ఫోర్డ్. అతను నిచ్చెన తీసి వెళ్ళిన ఐదు నిమిషాలకేనట. ఫోన్‌లో యాప్ తెరిచి ఉంటే సెన్సర్ క్షణక్షణం చూస్తుంది, మూసేస్తే ఐదు నిమిషాలకోసారే.

తనున్నంతసేపూ బాగానే ఉంది. తను వెళ్ళగానే పాడైంది. వ్యాన్ నడుపుతూ కోలిన్ ఈ రెండు ముక్కలే మళ్ళీ మళ్ళీ తిప్పుకున్నాడు, తిప్పుకునేకొద్దీ వాటి మధ్య ఒక మొహం కనిపించడం మొదలైంది, టీలో బిస్కట్ ముంచుకుంటున్న మొహం. షాపులో కూర్చుని ఏ ఇంటి లెక్కయినా మార్చగలదు ఆ అమ్మాయి.

బుధవారం పొద్దున అందరికంటే ముందొచ్చి కంప్యూటర్లో ఆ ఇంటి చిట్టా తెరిచాడు. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో అందులో వరసగా ఉంటుంది. చూడగానే కుర్చీ ఇంకా ముందుకి లాక్కున్నాడు, సంతోషంతోనే. టి. డిరీన్, సోమవారం మధ్యాహ్నం పన్నెండూ పది. టి. డిరీన్, మంగళవారం ఒంటిగంటా ఇరవై. అంతకుముందు వారమంతా కూడా, దాదాపు ప్రతి మధ్యాహ్నం.

ప్రతి పేరు పక్కనా ఏం మార్చిందో కూడా రాసుంది. లైట్ల పై హద్దు నూరు నుంచి నలభైకి. మళ్ళీ సాయంత్రం నలభై నుంచి నూరుకి. అంటే సెన్సర్ ఎంత చీకటని అనుకున్నా లైట్లు నలభై శాతానికి మించి వెలగకుండా చేసింది. సెన్సర్ లెక్కని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ఈ రెండూ వేరువేరని కోలిన్‌కి తెలుసు. పంతొమ్మిదేళ్ళ మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది. తెలిసి కూడా కుడివైపు వరస కనపడకుండా, పేర్లూ టైములూ ఉన్న ఎడమవైపు వరస మాత్రం ప్రింటు తీసి, తీసుకెళ్ళి హెన్క్ బల్లమీద పెట్టాడు. ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. కాయితం పెట్టి, నేను సరిచేస్తున్నాను, ఎవరో వెనకాల వేలు పెడుతున్నారు అన్నాడు, అంతే.

హెన్క్ టామ్సిన్‌ని పిలిచి, నువ్వేనా చేసింది అని అడిగాడు. అవునంది. ఎవరు చెయ్యమన్నారంటే, మిసెస్ ఓక్‌ఫోర్డ్ మధ్యాహ్నం ఫోన్ చేస్తోంది, కళ్ళు మండుతున్నాయని ఏడ్చినంత పనిచేస్తోంది, అందుకే తగ్గించానంది. మరి షాపులో ఎవరికైనా చెప్పావా అన్నాడు హెన్క్.

టామ్సిన్ కోలిన్ వైపు తిరిగింది. "చెప్తే ఏమవుతుందో పోయినసారి చూశాగా, రూల్‌బుక్."

ఈసారి ఆ పేరు పిలుస్తూ నవ్వలేదు. హెన్క్ రెండో వార్నింగు రాసిచ్చి, శుక్రవారం దాకా ఆ ఇంటి లెక్కలు ముట్టుకోవద్దన్నాడు. ఆ అమ్మాయి కాయితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, వెళ్ళి తన ట్రేలో మేకులు సైజుల వారీగా ఏరుకుంటూ కూర్చుంది. టీ వేళకి ఫ్రిజ్ దగ్గరికి రాలేదు. కోలిన్ పాలు తీసుకుని చీటీల వైపు చూశాడు. తొమ్మిది ఇప్పుడు పది అయ్యాయి, అయితే అవనీ అనుకున్నాడు. టీ మాత్రం సగం తాగి సింకులో పోసేశాడు.

గురువారం పదకొండున్నరకి అతను వెళ్ళేసరికి మిసెస్ ఓక్‌ఫోర్డ్ వంటింట్లో లేదు. నడవాలో, తలుపు వేసుకుని, కుర్చీ వేసుకుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని రొట్టె తింటోంది. కళ్ళద్దాల కింద బుగ్గలు తడిగా ఉన్నాయి. మొన్నటిదాకా ఆ అమ్మాయి ఎలాగోలా తగ్గించేది, నిన్నా ఇవాళా ఫోన్ చేస్తే తన చేతిలో లేదంది, ఏం పాపం చేశానో ఏంటో అంది ఆవిడ. ఎవరిమీదా కోపంగా అనలేదు. కోలిన్ బూట్లు తుడుచుకునే పట్టా మీద అవసరానికి మించి చాలాసేపు బూట్లు తుడుచుకున్నాడు.

వంటింట్లోకి వెళ్ళి, మీటర్ పెట్టి, నిచ్చెనెక్కి మళ్ళీ అదే పని చేశాడు. ఐదు వందలు. సరే. ఆకుపచ్చ. లైట్లు తగ్గాయి. ఇప్పుడు చూడండి, వచ్చి కూర్చోండి అని పిలిచాడు. ఆవిడ గోడ పట్టుకుంటూ వచ్చి గుమ్మంలో ఆగి, వెంటనే చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నాయనా, ఆ జాకెట్ కాస్త తీసెయ్యవా. లైట్లు తగ్గాయి గానీ నువ్వే ట్యూబులైటులా ఉన్నావ్. ఆ తెల్ల పట్టీలు సూదుల్లా గుచ్చుతున్నాయి."

తీయకూడదండీ, షాపు రూలు అన్నాడు కోలిన్. ఆవిడ చెయ్యి అలాగే అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆ చేతి కిందనుంచి కన్నీళ్ళు కారడం చూసి కోలిన్ ఫోన్ నిచ్చెన పైమెట్టు మీద పెట్టి, జిప్పు లాగి, జాకెట్ తీసి కిందున్న కుర్చీ మీద పడేశాడు. లోపల ముదురు నీలం స్వెట్టరు.

ఫోన్‌లో అంకె కదిలింది. ఐదు వందలు కాస్తా నాలుగు వందలు, మూడు వందలు, నూట తొంభై. లైట్లు భగ్గున పెరిగాయి. గుమ్మంలో మిసెస్ ఓక్‌ఫోర్డ్ అబ్బా అంటూ గోడవైపు తిరిగిపోయింది.

కోలిన్ కిందికి దిగి కుర్చీ మీది జాకెట్ మళ్ళీ వేసుకుని పైకెక్కాడు. ఐదు వందలు. లైట్లు తగ్గాయి. తీశాడు. నూట తొంభై. మూడోసారి వేసుకోలేదు, చేత్తో పట్టుకుని సెన్సర్ కిందికి చాచాడు, వెనక్కి లాక్కున్నాడు, మళ్ళీ చాచాడు, అంకె దాని వెంటే ఎక్కింది, దిగింది. పైకప్పులోని కన్ను కిందనుంచి తిరిగొచ్చే వెలుగునే చూస్తుంది. దానికి మూరెడు దూరంలో పసుప్పచ్చ గుడ్డా, వెండి పట్టీలూ పెట్టి, వెలుగంతా తిప్పికొట్టి, ఇదీ నీకు ఐదు వందలంటే అని నేర్పి వెళ్ళిపోతున్నాడు తను. తను వెళ్ళాక అంత వెలుగు దానికెక్కడ దొరుకుతుంది. చీకటి అనుకుంటోంది పాపం.

నిచ్చెన రెండో మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఈ ఒక్క ఇల్లేనా. జాకెట్ రూలు వచ్చి రెండేళ్ళు. తనకి ఫోన్లు రావడం మొదలై రెండేళ్ళు. ఆ అమ్మాయి మాత్రం సెన్సర్ కిందికి వెళ్ళేముందు జాకెట్ తీసి తలుపు గొళ్ళేనికి తగిలించేది. ఎందుకో తనతో చెప్పింది కూడా. తను నవ్వాడు.

ఏమైంది నాయనా అంది మిసెస్ ఓక్‌ఫోర్డ్, గోడతో మాట్లాడుతున్నట్టు. ఏంలేదండీ అని, లేచి, జాకెట్ తీసుకెళ్ళి నడవాలో పడేసి వచ్చి, నిచ్చెన మడిచి బయట పెట్టి, మీటర్ బల్లమీదే ఉంచి, తను కూడా గుమ్మం దాటి నిలబడి ఫోన్‌లో ఐదు వందలు కొట్టాడు. చుక్క దీపం అంత దూరానికి కనిపించలేదు. సరే నొక్కాడు. లైట్లు ఎవరో చేత్తో దించినట్టు నెమ్మదిగా దిగి, కిటికీలోంచి పడే ఎండలో కలిసిపోయాయి. అరగంట కూర్చున్నారు ఇద్దరూ. నది మీదనుంచి మబ్బొచ్చింది, లైట్లు కొంచెం పెరిగాయి. మబ్బు పోయింది, తగ్గాయి.

ఆవిడ ముందు టోపీ తీసింది. తర్వాత కళ్ళద్దాలు తీసి, ఎర్రబడ్డ కళ్ళు చిట్లించుకుని అతన్ని మొదటిసారి చూసింది.

"ఇంత పెద్దవాడివా. గొంతు విని కుర్రాడివనుకున్నా," అంది. కారణమేంటో అడిగింది. జాకెట్ అన్నాడు కోలిన్. ఆవిడ నవ్వింది. పియానో శ్రుతి చేసేటప్పుడు తను గదిలోంచి అందర్నీ బయటికి పంపించేసేదట, మనుషులూ వాళ్ళ ఉన్ని కోట్లూ శబ్దాన్ని తాగేస్తాయి, వాళ్ళు వెళ్ళాక చూస్తే శ్రుతి వేరేలా వినిపిస్తుంది అంది. ఆ అమ్మాయి కనిపెట్టిందా, నువ్వు కనిపెట్టావా అని మామూలుగా అడిగింది, కప్పులో టీ పోస్తూ.

నేనే అనొచ్చు. ఇక్కడ ఎవరూ లేరు. ఇవాళ సరైపోయింది, రేపు హెన్క్‌కి అయిపోయిందని చెప్తే చాలు, ఎలా అయిందని ఎవరూ అడగరు, నలభై ఇళ్ళ పని చేతికొస్తుంది. ఆవిడ చీటీ రాస్తే అది కూడా తనదే.

"చక్కెర రెండు చెంచాలండీ," అన్నాడు కోలిన్.

శుక్రవారం పదింటికి హెన్క్ మామూలు కంటే ముందే వచ్చాడు. ఓక్‌ఫోర్డ్ ఇంటినుంచి ఫోనొచ్చిందట, అంతా బ్రహ్మాండంగా ఉందట. బాగా చేశావ్ కోల్ అన్నాడు. మిగతా మాట చెప్పడానికి గొంతు సవరించుకున్నాడు. టామ్సిన్ తలుపు దగ్గర నిలబడి ఉంది, ఏం వినబోతోందో తెలిసినదానిలా బూటు ముడి వదులు చేసి మళ్ళీ బిగించుకుంటోంది. కింగ్‌స్టన్ పని కోలిన్‌ది అన్నాడు హెన్క్. ఎవరో చప్పట్లు కొట్టారు.

ఇలాంటి మాట కోసం కోలిన్ రెండేళ్ళుగా చూస్తున్నాడు. వచ్చింది. వచ్చి చెవి దగ్గర ఆగింది, లోపలికి దిగలేదు. అతను టామ్సిన్ బూటు ముడినే చూస్తున్నాడు.

"ఒక్క నిమిషం," అన్నాడు. టీ బల్లకి పైన కస్టమర్లకి చూపించడానికి పెట్టిన సెన్సర్ ఒకటుంది. ఫోన్‌లో దాన్ని తెరిచి హెన్క్ చేతికిచ్చి, అంకె చూస్తూ ఉండమన్నాడు. కుర్చీ లాక్కుని, సెన్సర్ కింద ఎక్కి నిలబడ్డాడు. హెన్క్ అంకె చదివాడు. కోలిన్ జాకెట్ విప్పి దూరంగా విసిరాడు. హెన్క్ మళ్ళీ చదివాడు, అంకె సగానికి పడిపోయింది, ఫోన్ దగ్గరగా తెచ్చుకుని ఇంకోసారి చదివాడు.

"మూడు వారాల కిందట ఆ అమ్మాయి చెప్పింది ఇదే," అన్నాడు కోలిన్ కుర్చీ మీదనుంచే. "నేను నవ్వి, నీకు చెప్పి వార్నింగు ఇప్పించాను."

హెన్క్ కప్పులో చెంచా తిప్పుతున్నాడు. దిగు కోల్, పడతావ్ అన్నాడు. కోలిన్ దిగలేదు. దిగితే మిగతాది చెప్పలేడు.

"ఇంకోటుంది. మొన్న నేనిచ్చిన కాయితం సగమే. ఆమె తగ్గించింది లైట్ల పై హద్దు, సెన్సర్ లెక్క కాదు. ఆ సంగతి నాకు ప్రింటు తీసేటప్పుడే తెలుసు."

 ఫ్రిజ్ గుర్రుమంటోంది. హెన్క్ కప్పు బల్లమీద పెట్టి, ఆ రూలు పెట్టింది నేను, సెన్సర్ కింద జాకెట్ అక్కర్లేదని ఇవాళే మారుస్తాను, టామ్సిన్ మీద రెండు వార్నింగులూ చింపేస్తాను అన్నాడు. తర్వాత కోలిన్‌తో, ఆ సగం కాయితం గురించి మాత్రం నీకొకటి రాస్తాను, కింగ్‌స్టన్ పని టామ్సిన్ చూస్తుంది, నువ్వు ఆమె కింద చెయ్యగలవా లేదా సోమవారం చెప్పు అన్నాడు. సోమవారం దాకా ఎందుకు, చేస్తా అన్నాడు కోలిన్.  అప్పుడు గానీ కుర్చీ దిగలేదు.

అందరూ వెళ్ళాక టామ్సిన్ జాకెట్ ఏరి తెచ్చిచ్చింది. క్షమించాననలేదు, పరవాలేదనలేదు. అడగకుండా ఉండలేక కోలినే అడిగాడు, ఇది ఎలా తెలిసింది నీకు అని. ఎక్కడ చదివావు, ఎవరు చెప్పారు.

"నువ్వే. మొదటి వారం, సాండీ బేలో ఒక ఇంట్లో. మీటర్ పట్టుకుని నిలబడితే, పక్కకి జరుగు పిల్లా, నీ నీడ కూడా లెక్కలోకి వస్తోంది అన్నావ్. నీడ వచ్చేటప్పుడు జాకెట్ రాదా అనుకున్నా." భుజాలెగరేసింది. "నీకే తట్టి ఉంటుందనుకున్నా. అందుకే నవ్వితే కోపమొచ్చింది."

సరిగ్గా పది రోజులకి మిసెస్ ఓక్‌ఫోర్డ్ చీటీ పోస్టులో వచ్చింది. పెద్ద పెద్ద అక్షరాలు, గీత దాటి అటూ ఇటూ పోయాయి, రాసేటప్పుడు కళ్ళద్దాలు లేవని తెలుస్తూనే ఉంది. ఇద్దరికీ కలిపి రాసింది. హెన్క్ కోలిన్ చేతికిచ్చి, ఫ్రిజ్ మీద పెట్టు అన్నాడు.

ఎవరి పేరు ముందు రాసిందో చూడకూడదనుకున్నాడు కోలిన్. చూశాడు. టామ్సిన్‌దే ముందుంది, తనది రెండో లైన్లో, అక్షరం ఒకటి తప్పు రాసింది కూడా.  తలుపు మీద ఖాళీ లేదు. టేపు మర్చిపోయారని ఉన్న తన పాత చీటీ తీసి చెత్తబుట్టలో వేసి, ఆ అయస్కాంతంతోనే దీన్ని పెట్టి, బయట వ్యాన్‌లో హారన్ కొడుతున్న ఇన్‌ఛార్జి కోసం నిచ్చెన భుజానికెత్తుకున్నాడు.